సారయ్య బాప్తిస్మం

సారయ్య జన్మలో ఎవరి మాటా విన్నవాడు కాదు. బాప్తిస్మం దగ్గరైనా వింటాడని కమల ఎందుకు ఆశపడిందో ఆమెకే తెలియాలి.

ఇరవై ఏళ్ళు ఆమె అతని కోసం ప్రార్థన చేసింది. ఆ ఇరవై ఏళ్ళూ అతను భూపాలపల్లిలో బొగ్గు బాయికి పోయాడు, వచ్చాడు, ఆదివారమైతే కల్లు తాగాడు, బైబిలు సంచీలో పెట్టుకుని బయల్దేరే భార్యను "మీ దేవునికి నా వందనాలు చెప్పు" అని ఆటపట్టించాడు. రిటైరయ్యాక, ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్ము అతన్ని మంచానికీ, మంచం పక్కన గుర్రుమంటూ తిరిగే ఆక్సిజన్ మిషన్‌కూ కట్టేసింది. అటువంటి మనిషి ఒక పొద్దున, కమల గంజి తాగిస్తుంటే, గ్లాసు పక్కకు నెట్టి చెప్పాడు.

"కమలా, నేను బాప్తిస్మం తీసుకుంట."

కమల చేతిలో గంజి ఒలికింది. తుడుచుకోవాలని కూడా తోచలేదు. 

"ఒక్క మాట" అన్నాడు సారయ్య. "దేవ్యా, లక్ష్మీనర్సయ్య ఇద్దరు పట్టాలె. ఒక్కడు పడితే నేను నీళ్ళల్ల దిగ."

ఆమె సంతోషం అక్కడికక్కడే సగమైపోయింది. చంద్రుణ్ణి దింపి తెమ్మన్నా ఆమె ఏదో ఒక దారి వెతికేదేమో. ఆ ఇద్దర్నీ ఒక్కచోట నిలబెట్టడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

ఒకప్పుడు వాళ్ళుండే బాయి కార్మికుల కాలనీలో ఒకటే సంఘం, ఒకటే రేకుల మందిరం. దేవ్యా, లక్ష్మీనర్సయ్య ఇద్దరూ సంఘపెద్దలు, ఇద్దరూ సారయ్యతో ఒకే షిఫ్టులో బాయి దిగినవాళ్ళు. దేవ్యాది మహబూబాబాద్ వైపు తండా. లక్ష్మీనర్సయ్యది పాలకుర్తి దగ్గర పల్లె. బాప్తిస్మం తీసుకున్నాక కూడా అతను పేరు మార్చుకోలేదు. పేరు మారిస్తే బాయి హాజరు మస్టర్‌లో గడబిడ అవుతుంది, దేవుడికి ఏ పేరైనా గుర్తుంటుంది అనేవాడు. సంఘంలో ఎవరికి బాప్తిస్మమైనా కుడిపక్క దేవ్యా, ఎడమపక్క లక్ష్మీనర్సయ్య నిలబడేవాళ్ళు. బాయిలో కర్రదుంగలు మోసినప్పుడు దేవ్యా "హైస" అంటే ఇద్దరూ ఒక్కసారే లేపేవాళ్ళట. ఆ అలవాటు నీళ్ళలోకీ వచ్చింది. కమలను ముంచి లేపేటప్పుడు కూడా దేవ్యా గొంతులోనే "హైస" అనుకున్నాడు. చెవుల్లోంచి నీళ్ళు జారిపోతుంటే ఆమెకు మొదట వినబడిన మాట అదే. పరిశుద్ధమైన మాట ఏదైనా వినబడుతుందేమో అనుకున్న మనిషికి దుంగలు లేపే మాట వినబడిందని ఆమె చాలాసార్లు చెప్పుకుని నవ్వింది.

తర్వాత కరోనా వచ్చింది. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల రోజున మందిరంలో ఒకటే గిన్నె చేతులు మారేది, అందరూ అందులోనే తలా ఒక గుక్క తాగేవాళ్ళు. రెండోసారి జబ్బు ఊరూరా తిరిగిన ఎండాకాలంలో, బల్ల తీసుకున్న కొన్నాళ్ళకు దేవ్యా భార్య ద్వాలి మంచం పట్టింది. దవాఖానకు తీసుకుపోయారు, తీసుకురాలేదు. మందిరం మళ్ళీ తెరిచిన రోజున చిన్నచిన్న ప్లాస్టిక్ కప్పులు పెడదామని కొందరన్నారు. ప్రభువు ఇచ్చింది ఒకటే గిన్నె అని లక్ష్మీనర్సయ్య అన్నాడు. అప్పుడు దేవ్యా లేచి, అందరి ముందూ, "నీ గిన్నెనే నా ద్వాలిని తిన్నది" అన్నాడు. పై ఆదివారానికి దేవ్యా వెంట సగం మంది వెళ్ళిపోయి అతని ఇంటి వెనక షెడ్డులో కూడుకున్నారు.

కరోనా పోయింది గాని ఈ తగువు పోలేదు. కాలనీలో వాళ్ళను గిన్నెవాళ్ళు, కప్పులవాళ్ళు అని పిలవడం మొదలుపెట్టారు. కిరాణా కొట్టు సేటు కూడా "అమ్మా, మీరు గిన్నెనా, కప్పా?" అని అడిగేవాడు. ఎదురుపడితే దేవ్యా, లక్ష్మీనర్సయ్య వందనాలు కూడా చెప్పుకోరు. ఒకడు రోడ్డుకు ఈ పక్క ఉంటే ఇంకొకడు ఆ పక్కకు మారతాడు.

ఈ సంగతిలో కమల చేసిన పని ఒకటి ఉంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే దేవ్యా షెడ్డుకు పోయేది. అక్కడ ముగియగానే, సారయ్యను చూసుకోవాలని చెప్పి బయటపడి, వెనక సందులోంచి రేకుల మందిరానికి పోయేది. అక్కడ ఆలస్యమెందుకంటే, సారయ్యను చూసుకుని వచ్చానని చెప్పేది. బల్ల ఉన్న ఆదివారం చిన్న కప్పులో ఒకసారి, పెద్ద గిన్నెలో ఒకసారి తాగేది. ఇద్దర్నీ విడవలేక చేస్తున్నానని దేవుడికి చెప్పుకునేది. రెండుసార్లు తాగడం పాపమేమోనని రాత్రిళ్ళు అదే దేవుడికి క్షమాపణ చెప్పుకునేది. కప్పులవాళ్ళు ఆమె మా మనిషి అనుకున్నారు. గిన్నెవాళ్ళూ అంతే అనుకున్నారు. ఏ రోజు ఎవరి నోటినుంచి బయటపడుతుందో, రెండు చోట్లా వాకిలి మూసేస్తారేమో అని ఆమె భయం.

"నువ్వు సారయ్యకు ఇంట్లనే తల మీద నీళ్ళు పోయించు, చెల్లె" అన్నాడు దేవ్యా, ఆమె వెళ్ళి అడిగినప్పుడు. "గా మనిషి వస్తే నేను రాను."

లక్ష్మీనర్సయ్యను అడిగితే, "వాడొస్తే నేనొస్త. వాడు రాడు" అన్నాడు.

డాక్టర్ ఏమన్నాడో కూడా కమల ఇద్దరికీ చెప్పింది. ఆక్సిజన్ గొట్టం లేకుండా కాసేపు కూర్చోగలడు గాని ఊపిరి బిగబట్టలేడు, నీళ్ళు లోపలికి పోతే మాత్రం కష్టం అన్నాడు డాక్టర్. అది చెప్పి భర్తను ఆపాలనీ చూసింది.

"బాయిల నడుము మీద బొగ్గుపెళ్ళ పడ్డనాడు ఇగ సచ్చిన అనుకున్న" అన్నాడు సారయ్య. మాటకు మాటకు మధ్య ఊపిరి ఈలలాగా వస్తోంది. "చీకట్ల ఇటొకడు అటొకడు పట్టి గుంజిండ్రు. నన్ను పైకి లేపేటోళ్ళెవలో నాకెరుక. మీ దేవుడు కూడ గా ఇద్దరి చేతులతోనే లేపుతడని నాకు నమ్మకం. ఒక్కని చేతులు నాకు చాలయి."

మూర్ఖుడికి ఎంత చెప్పినా అంతే. కమల మళ్ళీ దేవ్యా ఇంటికి పోయింది, మళ్ళీ పోయింది, మూడోసారి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. దేవ్యా దండెం మీద బట్టలు సర్దుతూ, ఆమె వైపు చూడకుండా, "సారయ్య కోసం వస్త. గాయనతోని మాత్రం ఒక్క మాట మాట్లాడ" అన్నాడు.

ఆ రోజుకు అదే గొప్ప అనుకుని ఆమె కళ్ళు తుడుచుకుంది. మాట్లాడకపోతే ఏమవుతుందో అప్పుడు ఆలోచించలేదు.

ఎండ ఎక్కితే నీళ్ళు కొంచెం వెచ్చబడతాయని శనివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. పక్కింటి కుతుబుద్దీన్ తన ఆటోలో సారయ్యను పడుకోబెట్టి, వెనక ప్లాస్టిక్ కుర్చీ కట్టి, గుంతల్లో పసిపిల్లను మోస్తున్నట్టు నడిపాడు. చెక్‌డ్యాం కింద వాగు మడుగు కట్టి ఉంది. నడుము లోతు ఉంటుంది. దేవ్యా వచ్చి ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. లక్ష్మీనర్సయ్య ఇంకో బండ దగ్గర నిలబడి ఉన్నాడు. మధ్యలో నలుగురు మనుషులు పట్టేంత దూరం ఉంది. ఎవరూ తమ సంఘాన్ని తీసుకురాలేదు. కమలే వద్దంది, మనుషులు పెరిగితే మాటలు పెరుగుతాయని.

ఆమె సంచీలో పొడి బట్టలు, తుండు, వేడి చాయ్ పోసిన ఫ్లాస్కు ఉన్నాయి. గ్లాసులు మరిచిపోయింది. ఫ్లాస్కు మూతే కప్పు.

"వదినా, జర ధైర్యంగుండు" అన్నాడు కుతుబుద్దీన్. "అన్నకేం గాదు."

ఇద్దరూ చెరోపక్క చెయ్యి వేసి సారయ్యను నీళ్ళలోకి నడిపించారు. పక్కపక్కనే నడుస్తున్నా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సారయ్య మాత్రం అటూ ఇటూ చూసి, పెళ్ళికొడుకులాగా నవ్వుతున్నాడు. నీళ్ళు నడుముకొచ్చేసరికి ఆ నవ్వు ఆగింది. ఈల చప్పుడు ఒడ్డుకు వినిపిస్తోంది.

వాళ్ళు ఆగారు. లక్ష్మీనర్సయ్య ప్రార్థన చేశాడు. దేవ్యా ఆమెన్ అనలేదు, పెదవులు మాత్రం కదిలించాడు. తర్వాత దేవ్యా ఒక చెయ్యి సారయ్య మెడ వెనక్కు, ఇంకో చెయ్యి ఛాతీ మీదికి తెచ్చాడు.

ఆ చేతులు చూడగానే కమలకు సంగతి తట్టింది.

పోయిన నెల దేవ్యా దగ్గర జరిగిన బాప్తిస్మాలకు ఆమె వెళ్ళింది. మహబూబాబాద్ నుంచి వచ్చిన ఎవరో ప్రసంగీకుడు నేర్పాక, వాళ్ళు ఇప్పుడు మూడుసార్లు ముంచుతున్నారు. తండ్రి పేరున ఒకసారి, కుమారుడి పేరున ఒకసారి, పరిశుద్ధాత్మ పేరున ఒకసారి. పడుచువాళ్ళే మూడోసారికి ఉక్కిరిబిక్కిరై పైకొచ్చారు. లక్ష్మీనర్సయ్య పాత పద్ధతిలోనే ఉన్నాడు. మూడు పేర్లూ చెప్పి ఒక్కసారే ముంచుతాడు. తండ్రి పేరు వినగానే దేవ్యా కిందికి అదుముతాడు, లక్ష్మీనర్సయ్య నిలబెట్టి పట్టుకుంటాడు. చివరి పేరుకు లక్ష్మీనర్సయ్య ముంచుతాడు, అప్పటికి దేవ్యా లేపుతుంటాడు. మధ్యలో ఉన్నది ఊపిరి నిలబెట్టుకోలేని మనిషి. దేవ్యా పద్ధతి మార్చుకున్నాడని లక్ష్మీనర్సయ్యకు తెలియదు, లక్ష్మీనర్సయ్య మార్చుకోలేదని దేవ్యాకు తెలియదు, తెలియాలంటే మాట్లాడుకోవాలి.

తెలిసినది ఆ వాగు దగ్గర ఒక్క కమలకే. ఎలా తెలిసిందో చెప్పకుండా ఆపడం ఆమెకు చేతకాదు.

"ఆగుండ్రి" అంది. వాళ్ళకు వినబడలేదు. చెప్పులతోనే నీళ్ళలోకి దిగింది, చీర బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంటే ఈడ్చుకుంటూ నడిచింది. "ఆగన్నా, ముంచకుండ్రి. దేవన్నా, మీరు మూడుసార్లు ముంచుతరు. నర్సన్న ఒక్కసారే ముంచుతడు. మీరిద్దరు మాట్లాడుకోకుంటే ఈయన సస్తడు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మేం మూడుసార్లు ముంచుతమని ఎరుకైతది, నువ్వు మాదాంట్ల ఉంటవు" అన్నాడు దేవ్యా. "గాళ్ళది ఇంక పాత పద్ధతేనని నీకెట్ల ఎరుక?"

"కమలమ్మ మా మందిరంల ఉంటది" అన్నాడు లక్ష్మీనర్సయ్య, వాగుతో చెబుతున్నట్టు. "పోయిన ఆదివారం మా బల్ల తీసుకున్నది."

"మా బల్ల తీసుకున్నది" అన్నాడు దేవ్యా.

"రెండు తీసుకున్న" అంది కమల. సిగ్గుతో మొహం మండిపోతోంది. "రెండు తాగిన. నన్నేమన్న చేయుండ్రి, తర్వాత చేయుండ్రి. ముందు ఒక్కసారా, మూడుసార్లా, చెప్పుకోండ్రి."

దేవ్యా పళ్ళు బిగించాడు. "గాయనకు చెప్పు కమలా, మూడుసార్లని. ఒక్కసారి ముంచితే అది సగం బాప్తిస్మమే."

"వానికి చెప్పు" అన్నాడు లక్ష్మీనర్సయ్య, "మనం ముప్ఫై ఏండ్లు ఇచ్చినయన్ని సగమేనా అని అడుగు. నీకిచ్చింది సగమేనా అడుగు."

ఒకే మనిషి రెండు రెక్కలు చెరొకడు పట్టుకుని, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గర నిలబడి, ఆమె చేత కబుర్లు మోయిస్తున్నారు. ఇంతకంటే తెలివితక్కువ పెద్దమనుషుల్ని ఆ వాగు ఎన్నడైనా చూసి ఉంటుందా అని అడగాలి. కమలకు మాత్రం అడిగే ఓపిక లేదు. ఆమె చూపు సారయ్య పెదాల మీదే ఉంది. అవి నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి.

"గిదాపుండ్రి" అంది. "ఒడ్డుకు తీసుకరాండ్రి. మాకొద్దు. గట్లనే ఉండనీ ఆయనను."

"మూడుసార్లని చెప్పు" అంటున్నాడు దేవ్యా.

సారయ్య ఏదో అనబోయాడు. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. మోకాళ్ళు వదిలేశాయి. తడిసిన చొక్కా ఇద్దరి చేతుల్లోంచీ సబ్బులా జారింది. వాగు నీళ్ళు అతని తల మీద మూసుకున్నాయి.

కుతుబుద్దీన్ ఒడ్డు మీంచి "యా అల్లా" అనడం వినిపించింది.

"హైస" అన్నాడు దేవ్యా.

ఆలోచించి అన్న మాట కాదు అది. లక్ష్మీనర్సయ్య కూడా ఆలోచించలేదు, అతని నడుము దానంతటదే వంగింది. రెండు జతల చేతులు నీళ్ళ అడుగున ఒకదాన్నొకటి వెతుక్కుని, మధ్యలో మనిషిని పట్టుకున్నాయి. మళ్ళీ "హైస" అని ఈసారి ఇద్దరూ అన్నారు. సారయ్య తల, భుజాలు, ఛాతీ ఒక్కసారిగా పైకొచ్చాయి. అతను నోరు తెరిచాడు. గాలి లోపలికి పోతుందా లేదా అని కమల చూస్తూ ఉంది. ఆమెకు ఆ కాసేపూ ఏ దేవుడూ గుర్తుకు రాలేదు. తర్వాత పెద్ద దగ్గు, నీళ్ళు, మళ్ళీ దగ్గు, ఆ వెనక ఈల. ఇంతకుముందు ఎన్ని రాత్రులు ఆమెను నిద్రపోనివ్వలేదో ఆ ఈల. ఇప్పుడది వినబడగానే ఏడ్చేసింది.

"నడువు, ఒడ్డుకు" అన్నాడు లక్ష్మీనర్సయ్య. ఆ మాట అతను అన్నది దేవ్యాతో, నేరుగా.

"ఆగు" అన్నాడు సారయ్య. ఊపిరి కూడదీసుకోవడానికి వాళ్ళిద్దరి మెడల మీదా చేతులు వేసి వేలాడాడు. "అయింది గద. మునిగిన. మీరు లేపిండ్రు. మల్ల ముంచద్దు."

"పేర్లు చెప్పలే రా" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"ఇప్పుడు చెప్పు మరి" అన్నాడు దేవ్యా. "నువ్వు చెప్పు. నేను పోస్త."

లక్ష్మీనర్సయ్య చెయ్యి సారయ్య తల మీద పెట్టి ఒక్కో పేరూ చెప్పాడు. ఒక్కో పేరుకూ దేవ్యా దోసెడు నీళ్ళు తీసి పోశాడు. మునగడం ఒక్కసారే అయింది, నీళ్ళు మూడుసార్లు పడ్డాయి. ఇది ఎవరి లెక్కలోకి వస్తుందో తేల్చుకునే పని పైన ఉన్నవాడికే వదిలేసి ముగ్గురూ ఆమెన్ అన్నారు. కమల కూడా అంది.

ఒడ్డున సారయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, తడి బట్టలు తీసి, తుండు చుట్టారు. కమల ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి అందించింది. దగ్గు ఆగక సారయ్య తల అడ్డంగా ఊపి, వాళ్ళకివ్వమని సైగ చేశాడు. ఇద్దరు ముసలివాళ్ళూ గజగజ వణుకుతున్నారు.

దేవ్యా కప్పు తీసుకున్నాడు. అందులోకి చూశాడు. తర్వాత లక్ష్మీనర్సయ్య ముందుకు చాపాడు.

"పెద్దోనివి. ముందు నువ్వు తాగు."

లక్ష్మీనర్సయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దు. నువ్వే తాగు. నేను తాగినంక నువ్వు తాగద్దు."

దేవ్యాకు అర్థం కాలేదు.

"గా ఆదివారం నాకు కొద్దిగ దగ్గుండె" అన్నాడు లక్ష్మీనర్సయ్య. అతని కళ్ళు కప్పు మీదే ఉన్నాయి. "ముందు నేను తాగి, తర్వాత ద్వాలి చేతికిచ్చిన. నువ్వన్నది నిజమేమో అని మూడేండ్ల సంది అనుకుంటనే ఉన్న. ఒకటే గిన్నె ఉండాలె అని అందరితోని కొట్లాడిన. గాని గప్పటి సంది గిన్నె ఎత్తుడే గని నా పెదవి దానికి తాకలే. ఎవలు చూడలే. నాకు భయమైతది దేవ్యా."

కుతుబుద్దీన్ ఆటో దగ్గరకు వెళ్ళి ఊరికే టైరు చూస్తూ నిలబడ్డాడు.

"ద్వాలికి అంతకుముందే జరం ఉండె" అన్నాడు దేవ్యా. "శనివారం రాత్రి నుంచే ఒళ్ళు కాలుతుండె. బల్ల ఉన్నది, పోవాలె అన్నది. నేనే తీసుకొచ్చిన. నాకు ముందే ఎరుక. నా మీద నేను వేసుకోలేక నీ మీద వేసిన."

అతను మళ్ళీ కప్పు చాపాడు. "తాగన్నా. సల్లగైతది."

లక్ష్మీనర్సయ్య రెండు చేతులతో కప్పు పట్టుకున్నాడు. ఒక గుక్క తాగాడు. దేవ్యా అతని చేతిలోంచి తీసుకుని, అంచు తుడవకుండా, పక్కకు తిప్పకుండా, అతను తాగిన చోటనే నోరు పెట్టి తాగాడు.

కమలకు ఇంకా భయం తీరలేదు. రేపు ఆదివారం. రెండు చోట్లా ఈ సంగతి తెలుస్తుంది. కప్పులవాళ్ళు ఊరుకుంటారా, గిన్నెవాళ్ళు ఊరుకుంటారా, వీళ్ళిద్దరూ రేపటికి ఈ మాట మీదే ఉంటారా?

"అన్నా, రేపు నేను ఎటు రావాలె?" అని అడిగింది.

లక్ష్మీనర్సయ్య దేవ్యా వైపు చూశాడు. దేవ్యా కప్పులో మిగిలింది చూశాడు. "ముందు వీన్ని ఇంటికి చేరేద్దాం" అన్నాడు. "రేపు పొద్దున ఇద్దరం మీ ఇంటికే వస్తం. వీడు మంచం దిగలేడు గద. బల్ల వీనికి అక్కడనే ఇయ్యాలె."

"ఎందుల ఇస్తరు?" అంది కమల.

ఇద్దరూ దేవ్యా చేతిలోని ఫ్లాస్కు మూత వంక చూశారు. సారయ్య కుర్చీలోంచి చెయ్యి చాపాడు.

"మీరే తాగుతరా?" అన్నాడు, ఈల మధ్యలో. "నాగ్గూడ గింత ఉంచుండ్రి, అండ్లనే."